చోడిపిండి నేర్పిన విపణనశాస్త్రము

మార్కెటింగు అను మాట నేడు మన యిండ్లలో తరచుగా వినవచ్చుచున్నది. వాణిజ్యశాస్త్రము చదువుకొను పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, ఈ సంవత్సరము తమకు మార్కెటింగు పాఠ్యాంశముగా నున్నదని చెప్పినచో, పెద్దలు "మాటకారితనము నేర్పుదురు కాబోలు" అని నవ్వి యూరకుందురు. నేనును ఆ తరగతిలో చేరునాటికి ఇట్లే తలచియుంటిని. లేని గుణములను ఉన్నట్లు చెప్పి, అక్కరలేని సరకును అంటగట్టు నేర్పునకే ఆ పేరు పెట్టినారని నా యూహ. ఒక విద్యాసంవత్సరము నలుగురు సహాధ్యాయులతో కలిసి ఒక వస్తువును విపణికి సిద్ధపరచి, సభాముఖమున దానిని నివేదించిన పిమ్మట ఆ యూహ మారినది. అది ఎట్లు మారినదో, ఎవరు మార్చిరో చెప్పుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

ముందుగా శాస్త్రము చెప్పు మాటను రెండు ముక్కలలో మనవి చేసెదను. అమ్మకమునకును విపణనమునకును భేదము కలదు. అమ్మకము సరకు తయారైన తరువాత మొదలగును. విపణనము సరకు తయారు కాకమునుపే మొదలగును. ఎవరికి ఏమి కావలసియున్నది, వారు ఎంత వెల యీయగలరు, ఎక్కడ కొందురు, ఎవరి మాట నమ్ముదురు అను ప్రశ్నలతో అది ఆరంభమగును. వ్యాపారసంస్థకు ప్రయోజనము వినియోగదారుని సృష్టించుకొనుటయే యని పీటర్ డ్రకర్ 1954లో తన గ్రంథమున వ్రాసెను. 1960లో థియొడోర్ లెవిట్ అను ఆచార్యుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రకటించిన వ్యాసమున అమెరికా రైలుసంస్థలను ఉదాహరణముగా తీసికొనెను. అవి తాము నడుపునది రైళ్లనియే తలచినవిగాని, ప్రజలకు కావలసినది ప్రయాణమని గ్రహింపలేదు. కావున మోటారుకార్లును, విమానములును వచ్చి వారి ప్రయాణికులను తీసికొనిపోయినవి. సరకును ప్రేమించి కొనువానిని మరచుట యెంత చేటో ఆయన ఈ విధముగ చూపెను.

అదే 1960లో జెరోమ్ మెకార్తీ అను మరియొక ఆచార్యుడు తన పాఠ్యగ్రంథమున విపణనమును నాలుగు అంగములుగా విభజించెను. అవి వస్తువు, వెల, స్థలము, ప్రచారము. ఆంగ్లమున ఈ నాలుగు మాటలును 'పి' అను అక్షరముతో మొదలగును గనుక విద్యార్థులు వానిని 'నాలుగు పీ'లని కంఠస్థము చేయుదురు. అంతకు పూర్వమే నీల్ బోర్డెన్ అను నాతడు దీనిని 'మార్కెటింగు మిక్స్' అని, అనగా దినుసుల కలయిక యని వర్ణించియుండెను. పులుసులో ఉప్పు తక్కువైనచో చింతపండెంత మంచిదైనను ప్రయోజనము లేదు గదా! నాలుగు అంగములును అట్లే ఒకదానిని ఒకటి పట్టుకొని యుండును. మేము ఈ నాలుగింటిని పరీక్షలో వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొంటిమి. పిమ్మట వాడుకలో పెట్టునప్పుడు నాలుగింటను పొరబడితిమి.

మా ఆచార్యులు తరగతిని ఐదుగురేసి విద్యార్థుల బృందములుగా విభజించి, ఒక్కొక్క బృందము ఒక వస్తువును ఎన్నుకొని, దానికి విపణన ప్రణాళిక సిద్ధపరచి, సంవత్సరాంతమున సభలో నివేదింపవలెనని చెప్పిరి. కొందరు మిత్రులు ఊహాలోకపు యంత్రములను ఎన్నుకొనిరి. మా బృందములో నొకని తల్లి విజయనగరము జిల్లాలోని ఒక గ్రామమున మహిళా పొదుపు సంఘములో సభ్యురాలు. ఆ సంఘమువారు అప్పు తెచ్చి, చోళ్లను మొలకెత్తించి పిండి పట్టించి, పొట్లములు కట్టి అమ్మజూచుచుండిరి. పొట్లములు అమ్ముడుపోక ఒక గదిలో పేరుకొని యుండెను. అప్పు వాయిదా మాత్రము నెల నెలకును వచ్చుచుండెను. మా మిత్రుడు ఈ సంగతి చెప్పగా, ఊహించిన వస్తువు కంటె ఉన్న వస్తువే మేలని మేమందరము దానినే తీసికొంటిమి.

చోళ్లనగా రాయలసీమవారు రాగులనియు, తెలంగాణమువారు తైదలనియు పిలుచు ధాన్యమే. ఉత్తరాంధ్రమున చోడి అంబలి తరతరములుగా కూలినాలి చేసికొనువారి ప్రాతఃకాలపు ఆహారము. నూరు గ్రాముల బియ్యములో పది మిల్లీగ్రాముల ప్రాంతమున మాత్రమే యుండు కాల్షియము, నూరు గ్రాముల చోళ్లలో మూడువందల మిల్లీగ్రాములకు మించి యుండును. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థ, ప్రకటించిన పట్టికలలో ఈ సంగతి చూడవచ్చును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట పట్టణములలోను వీనికి గౌరవము హెచ్చినది. ఇంత మంచి వస్తువునకు గిరాకి లేకపోవుటకు ప్రచారలోపమే కారణమని మేము నిశ్చయించుకొంటిమి. అది మా మొదటి పొరబాటు.

ఆ గ్రామమునకు పోయి ఇంటింటికిని తిరిగి ప్రశ్నలడిగితిమి. "ఈ పిండి మీకు నచ్చినదా? ఇక ముందు కొందురా?" అని మా కాగితములలో నుండెను. అందరును నచ్చినదనిరి, అందరును కొందుమనిరి. కాని ఆ నెలలో కొన్నవారు లేరు. మేము ఆచార్యులకడకు పోయి మొరపెట్టుకొనగా ఆయన 1950లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన కథను చెప్పిరి.

నీటిలో కలిపిన వెంటనే తయారగు కాఫీపొడి అప్పుడు ఆ దేశమున వ్యాపించుచుండెను. దానిని ఇష్టపడనివారిని కారణమడిగినచో రుచి బాగుండదనిరి. మేసన్ హేర్ అను మనస్తత్త్వవేత్తకు ఆ సమాధానము తృప్తి కలిగింపలేదు. ఆయన ఇంటికి కావలసిన సరకుల జాబితాలు రెండు తయారు చేసెను. రెండింటను అన్ని వస్తువులును ఒక్కటే. ఒకదానిలో మాత్రము ఈ తక్షణ కాఫీపొడి, రెండవదానిలో మామూలు కాఫీపొడి. ఒక్కొక్క గృహిణికి ఒక్క జాబితానే చూపి, ఇది వ్రాసికొన్న ఇల్లాలు ఎట్టిదై యుండునని అడిగెను. తక్షణ కాఫీపొడి గల జాబితాను చూచినవారిలో ఇంచుమించు సగముమంది ఆమె సోమరి యనిరి. రెండవ జాబితా చూచినవారిలో అట్లనినవారు బహు కొద్దిమంది. అడ్డు వచ్చినది రుచి గాదు. సోమరిపోతని పేరు వచ్చునను జంకు. ఆ మాటను ఎవరును సూటిగా చెప్పియుండరు.

"మనవారికి మొగమాటము మరింత యెక్కువ. చదువుకొను పిల్లలు ఎండలో నడిచివచ్చి అడిగినచో కాదని యెవరందురు? నచ్చినదా యని అడుగకుడు. నిన్న ఏమి చేసితిరో అడుగుడు" అని ఆచార్యులు చెప్పిరి.

మేము మరల పోయితిమి. ఈ మారు "పొట్లము విప్పిన నాడు ఏమి చేసితిరి? ఎంత పిండి వేసితిరి? ఎవరు త్రాగిరి? మిగిలినది ఎక్కడ నున్నది?" అని అడిగి, మేము మాటాడక వినుచు కూర్చుంటిమి. ఒక యింట ముసలమ్మ డబ్బా తెచ్చి నా ముందు పెట్టినది. పిండి ముక్కాలు మిగిలియుండెను. "పస లేదు తల్లీ. చెంచా నిలబడలేదు. నీళ్లలాగుంది. ఏదో కలిపేసినారు" అని ఆమె చెప్పెను. ఆ మాటే మరి నాలుగైదిండ్లలోను వినవచ్చెను. సంఘమువారు కల్తీ చేసిరను అనుమానము ఊరిలో మెల్లగ ప్రాకినదని అప్పుడు మాకు తెలిసెను. పొట్లములు పేరుకొనుటకు మూలము ఇది.

అందులో కల్తీ లేదు. ఉన్నది మొలక గుణము. చోళ్లను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చిన పిదప ఎండబెట్టి, దోరగా వేయించి, నలిపి, చేటతో చెరిగి మొలకముక్కలు తీసివేసి మర పట్టింతురు. గింజ మొలకెత్తునప్పుడు అందు అమిలేస్ అను జీవరసము పుట్టును. మొక్కకు ఆహారముగ పిండిపదార్థమును విడగొట్టుట దాని పని. ఆ పిండితో జావ కాచినప్పుడు వేడి యెక్కుచుండగా అది తన పని కొనసాగించి, పిండిపదార్థపు పట్టును సడలించును. కావుననే మామూలు చోడిపిండితో చిక్కగ వచ్చు జావ మొలకపిండితో పలుచగ వచ్చును. జావ పలుచనైనను అందు వేసిన పిండి ఎక్కడికిని పోలేదు. అంతియే కాదు, అదే గిన్నెలో మరికొంత పిండి వేసినను అది త్రాగుటకు వీలుగనే యుండును. గట్టిపదార్థము నమలలేనివారికిని, ఒక్కసారిగ ఎక్కువ తినలేనివారికిని ఇది మేలు. ఇనుము వంటి లవణములను శరీరమునకు అందకుండ పట్టియుంచు ఫైటేటు అను పదార్థమును మొలకెత్తుట వలన తగ్గును.

చూడుడు, ఆ పిండి యొక్క ముఖ్యగుణమే కొనువారి కంటికి దోషమైనది! మేము పొట్లముమీద కాల్షియమును గూర్చి నాలుగు వాక్యములు వ్రాయించి, జావ పలుచగ నుండునను ఒక్క వాక్యమును వ్రాయింపలేదు. కొలత చెప్పలేదు. ఏలయనగా, మాలో నెవ్వరును ఆ పిండితో జావ కాచి యెరుగరు.

పేరు విషయమునను ఇట్లే జరిగినది. పట్టణమువారి వలె నుండవలెనని పొట్లముపై 'రాగి మాల్ట్' అని పెద్ద అక్షరములతో వేయించియుంటిమి. చోళ్లు పండించు ఊరిలో చోళ్లని చెప్పక రాగి యనినచో అది ఎక్కడనో చేసిన మందుపొడి యని కొందరు తలచిరి. తమ పొలములోని గింజయే తమ యింటికి పరాయి పేరుతో వచ్చినది. మేము ఆ పేరు తీసివేసి 'మొలక చోడిపిండి' అని వ్రాయించితిమి.

ఇక ప్రచారము. మొదట మేము తయారు చేసిన చిత్రములో బొద్దుగ నున్న పసిబిడ్డయు, తల్లియు నవ్వుచుండిరి. చిన్నపిల్లల తల్లులే మాకు ముఖ్యమైన కొనుగోలుదారులని మా యాలోచన. ఆచార్యులు ఆ చిత్రమును చూచి, చట్టము చదివితిరా యని అడిగిరి. మన దేశమున 1992లో శిశ్వాహారములను గూర్చి ఒక చట్టము వచ్చి, 2003లో మరింత కట్టుదిట్టము చేయబడెను. దాని ప్రకారము రెండేండ్లలోపు బిడ్డలకు తల్లిపాలతో పాటు పెట్టదగిన ఆహారమని చెప్పి అమ్ము వస్తువును ప్రకటించుట నిషిద్ధము. అట్టి వస్తువు పొట్లముపై శిశువు బొమ్మగాని, స్త్రీ బొమ్మగాని ఉండరాదు. పాలపొడి ప్రకటనలు చూచి తల్లులు చనుబాలు మానుటయు, పేదయిండ్లలో ఆ పొడిని నీళ్లెక్కువ పోసి పట్టుటయు, బిడ్డలు వ్యాధుల పాలగుటయు లోకమంతటను కనబడిన పిమ్మట, 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళిని ఆమోదించినది. మన చట్టమునకు అది ప్రేరణము. పసిబిడ్డ నవ్వు చక్కని ప్రకటనయే. కాని దాని వెనుక ఇంత దుఃఖచరిత్ర యున్నదని మాకు అంతవరకు తెలియదు.

మాలో మరియొకరు 'మధుమేహమును మాన్పును' అని ఒక నినాదము కట్టిరి. మధుమేహము మొదలగు వ్యాధులు నయమగునని మందులను ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించినది. ఆహారము రోగమును మాన్పునని చెప్పుటకు నేటి ఆహార నిబంధనలును ఒప్పుకొనవు. అది అటుండగా, మొలకెత్తుట వలన పిండిపదార్థములో కొంత చక్కెరగ మారునని మేమే తెలిసికొని యుంటిమి గదా! ఆ నినాదమును కొట్టివేసితిమి. పొట్లముపై తప్పక ఉండవలసినవి వేరు: లోపలి సరకు పేరు, నికరపు తూకము, కట్టిన తేది, అన్ని పన్నులతో కూడిన గరిష్ఠ చిల్లర ధర, తయారు చేసినవారి చిరునామా, ఫిర్యాదునకు ఫోను సంఖ్య, ఆహారశాఖవారి నమోదు సంఖ్య, శాకాహారమని తెలుపు పచ్చని చుక్క. ఇవి అన్నియు సరిగ వేయుటకే మాకు రెండు వారములు పట్టెను. అలంకారముల కంటె ఇవియే కొనువారికి ఎక్కువ చెప్పునని ఇప్పుడు నాకు తోచుచున్నది.

సభకు ముందు తరగతిలో ఒక అభ్యాసము జరిగెను. మాకిచ్చిన సమయము పండ్రెండు నిమిషములు. మేము ఇరువది రెండు నిమిషములు మాటాడితిమి. తెరమీద వ్రాసినదానినే మరల చదివితిమి. ఒకరు చెప్పినది వేరొకరు ఎరుగరు. ప్రశ్న వచ్చినచో ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. ముగిసిన పిమ్మట ఆచార్యులు తరగతివారిని "మీకేమి గుర్తున్నది?" అని అడిగిరి. రంగులు బాగున్నవని ఒక మిత్రుడు చెప్పెను. మరెవరికిని ఏమియు గుర్తు లేదు.

ఆ రాత్రి కూర్చుండి, వినువారు ఇంటికి తీసికొని పోవలసినది ఏమని మమ్ము మేమే అడుగుకొంటిమి. తేలినవి మూడు: ఈ పిండి ఎందుకు అమ్ముడుపోలేదు, పలుచనగుట దోషము గాదనుటకు నిదర్శనమేమి, సంఘమునకు ఇది గిట్టునా? ఈ మూడింటిని చెప్పి తక్కినవి తీసివేయుటకు నిశ్చయించితిమి. ఎవరు దేనిని చెప్పవలెనో పంచుకొంటిమిగాని, అందరును అంతయు నేర్చుకొంటిమి. బృందముగ పనిచేయుటయనగా పని పంచుకొనుట మాత్రమే యని అంతవరకు అనుకొంటిమి. ఒకరి తప్పునకు ఐదుగురును సమాధానము చెప్పగలిగినపుడే అది బృందమని అప్పుడు తెలిసెను.

సభ దినమున తోటి విద్యార్థులతో పాటు ఇరువురు కిరాణా వర్తకులును, ఆ మహిళాసంఘమునుండి ఐదుగురును వచ్చిరి. మా మిత్రుని తల్లి ముందువరుసలోనే కూర్చుండెను.

నేను ముసలమ్మ మాటతో మొదలుపెట్టితిని. చెంచా నిలువలేదని ఆమె చెప్పినది నిజమేయని ఒప్పుకొంటిని. పిమ్మట మా బృందములోని మరియొక విద్యార్థిని రెండు గిన్నెలు బల్లపై నుంచినది. రెండింటను నీరును, పిండియు ఒకే తూకము. మొదటిది మామూలు చోడిజావ, చెంచా నిలిచినది. రెండవది మొలకపిండి జావ, చెంచా ఒరిగినది. అటుపిమ్మట చిక్కని జావ గోరువెచ్చగ నుండగా అందు ఒక చెంచా మొలకపిండి కలిపి, గరిటెను ఒక వర్తకుని చేతికిచ్చినది. కొన్ని నిమిషములు కలుపగనే ఆ జావయు జారుటకు మొదలుపెట్టెను. "పిండి వేసినకొద్ది పలుచనగుటయా!" అని ఆయన ఆశ్చర్యపడెను. సభ నవ్వినది. కల్తీ అనుమానము తీరుటకు ఇక ఉపన్యాసము అక్కరలేకపోయెను.

ఆ పిమ్మట మా మిత్రుడు లెక్కలు చెప్పుటకు లేచెను. లెక్క సులభముగ తెలియుటకు అంకెలను గుండ్రముగ మార్చి చెప్పెదను. సంఘమునకు గది అద్దె, కరెంటు, అప్పు వాయిదా కలిసి నెలకు 3,000 రూపాయలు. అమ్మినను, అమ్మకున్నను ఇది తప్పదు గనుక దీనిని స్థిరవ్యయమందురు. అరకిలో పొట్లము ఒక్కింటికి చోళ్లు, మర కూలి, కవరు, రవాణా కలిసి 45 రూపాయలు. దీనిని మారు వ్యయమందురు. పొట్లము ధర 80 రూపాయలు. ధరనుండి మారు వ్యయమును తీసివేసినచో మిగులునది 35. స్థిరవ్యయమును దీనితో భాగించినచో వచ్చునది 86. అనగా నెలకు 86 పొట్లములు అమ్మినచో నష్టము లేదు. ఆపై అమ్మినదంతయు లాభము. సంఘము నెలకు 200 పొట్లముల వరకు చేయగలదు. లెక్క ముచ్చటగ నుండెను.

వర్తకులలో నొకరు లేచి, "నా భాగమేది?" అని అడిగిరి. చిల్లర వర్తకునకు పొట్లమునకు 12 రూపాయలైనను విడువవలెను గదా! దానిని మేము మరచితిమి. 35 కాస్తయు 23 ఆయెను. 86 పొట్లములు 131 ఆయెను. సరుకు అమ్ముడైన పిమ్మటనే డబ్బిచ్చెదననియు, అందుకు నెల పట్టవచ్చుననియు ఆయన మరియొక మాట చెప్పెను. ఆ నెల దినములు సంఘము ఏ డబ్బుతో చోళ్లు కొనవలెను? స్థలమనగా దుకాణపు చిరునామా మాత్రమే కాదనియు, డబ్బు తిరిగివచ్చు దారి కూడ అందులో నున్నదనియు అప్పుడు బోధపడెను. అయినను 131 అసాధ్యము కాదని మా మిత్రుడు ధైర్యముగ చెప్పెను.

అప్పుడు వాని తల్లి కూర్చున్నచోటునుండియే మెల్లగ అడిగినది. "మరి మా కూలి ఎక్కడేసినావు నాన్నా?"

సభ నిశ్శబ్దమాయెను. మా మిత్రుడు తెరవైపు తిరిగి తన లెక్కను పైనుండి క్రిందికి చూచెను. చోళ్లున్నవి, కవరున్నది, మర కూలి కూడ నున్నది. యంత్రమునకు కూలి యిచ్చితిమి. నానబెట్టి, మూటగట్టి, ఎండబెట్టి, వేయించి, చెరిగిన చేతులకు వరుస లేదు. వాడు ఏదో సర్దిచెప్పవలెనని నోరు తెరచి, మరల మూసికొని, చివరకు "వెయ్యలేదమ్మా" అని చెప్పెను.

ఆచార్యులు సుద్దముక్క వానికిచ్చి నల్లబల్ల చూపిరి. పొట్లము ఒక్కింటికి ఎంత కూలి పడునని ఆ స్త్రీలనే అడిగితిమి. వారు తమలో తాము మాటాడుకొని 20 రూపాయలని చెప్పిరి. 23లో 20 పోగా మిగిలినది 3. మూడువేలను మూడుతో భాగించినచో వేయి. నెలకు వేయి పొట్లములు అమ్మినచో గాని నష్టము తీరదు. వారు చేయగలిగినది రెండువందలు. ఇంతవరకు ఆ వ్యాపారము నిలిచియున్నట్లు కనబడుటకు కారణము వారి శ్రమకు వెల కట్టకపోవుట యొక్కటియే. ఆడువారు ఇంటిలో చేయు పనికి వెల కట్టని అలవాటు మనకు మొదటినుండియు కలదు. ఆ యలవాటే మా తెరమీది లెక్కలోనికి కూడ నడిచి వచ్చినది. వ్రాసినది కొడుకు, సరిచూచినది మేము నలుగురము. ఒక్కరికైనను లోటు కనబడలేదు.

మా సమయము ముగిసినను సభవారు లేవలేదు. నల్లబల్లపై లెక్క సాగినది. వర్తకుని ద్వారా గాక వారపు సంతలో సంఘమువారే అమ్మినచో 12 రూపాయలు మిగులును; అప్పుడు పొట్లమునకు 15 రూపాయలు చేతికందును, 200 పొట్లములకు సరిపోవును. అది వారి శక్తికి పైమెట్టు. ధర 90 చేసినచో 25 మిగులును, 120 పొట్లములు చాలును. పది రూపాయలు ఎక్కువ పెట్టి కొందురా అని ప్రశ్న వచ్చినది. రెండు గిన్నెలు చూపినచో కొందురని ఆ తల్లియే చెప్పెను. సంతలో కూర్చుండువారి దినకూలియు ఒకటి గలదని మరియొక స్త్రీ జ్ఞాపకము చేసెను. దానిని కూడ వ్రాసితిమి. 120 మరికొంత పెరిగినది. కాని ఈ మారు ఆ అంకె నిజమైనది.

మాకు ఆ సభలో ప్రథమస్థానము రాలేదు. లెక్క తప్పుటచేత మార్కులు తగ్గినవి, అది న్యాయమే. సంఘమువారు మా ప్రణాళికలోనుండి తమకు కావలసినది తీసికొని, తక్కినది విడిచిపెట్టిరి. పొట్లముమీద ఇప్పుడు 'మొలక చోడిపిండి' అని యున్నది. ప్రక్కన 'ఈ జావ పలుచగ నుండును. మామూలు పిండికంటె ఎక్కువ వేసికొనుడు' అని యున్నది. వారము వారము సంతలో రెండు గిన్నెలు పెట్టుకొని కూర్చుందురు. వ్యాపారము మెల్లగ సాగుచున్నది. గొప్ప లాభమని చెప్పజాలను. కల్తీ యనుమాట మాత్రము పోయినది.

ఇండ్లలో పిల్లలు ఈ విద్య చదువుచున్న పెద్దలకు నా మనవి యొక్కటి. వారు తమ ప్రణాళికలను, బొమ్మలను తెచ్చి చూపినప్పుడు బాగున్నదని మెచ్చి యూరకుండకుడు. మీరు వంటయింటిలో ఆ వస్తువును ఎట్లు వాడెదరో, ఎందుచేత ఒకసారి కొని మరల కొనలేదో చెప్పుడు. ఆ మాట ఏ గ్రంథమునను దొరకదు. మార్కెటింగు మాటాడుట నేర్పునని తలచి నేను ఆ తరగతిలో చేరితిని. అది నాకు నేర్పినది వినుట. ముసలమ్మ మాటను రెండవసారి పోయి వింటిమి గనుక వస్తువు నిలిచినది. తల్లి మాటను సభలో అందరి యెదుట వింటిమి గనుక లెక్క నిలిచినది.

మా మిత్రుడు ఇప్పుడును సంఘము లెక్కలు వ్రాయుచున్నాడు. ఆ పుస్తకమున ప్రతి నెల పుటలోను మొదటి వరుస చోళ్ల ఖరీదు కాదు, చేతికూలి.